సన్నని బ్రెయిడ్, లీడర్: డబ్బీ మీది పౌండ్ల అంకె ఎందుకు చాలదు

సంక్షిప్తంగా: లూర్‌తో, అంటే చేపను మభ్యపెట్టే కృత్రిమ ఎరతో, చేపలు పట్టడానికి సన్నని బ్రెయిడ్ దారం కొనేవారు ముందుగా చూసేది డబ్బీ మీద పెద్ద అక్షరాల్లో ఉండే పౌండ్ల అంకెనే. దారంలో నిజంగా ఎంత పీచు ఉందో ఆ అంకె చెప్పదు. ఆ సంగతి దారం బరువును బట్టి లెక్కించే డెనియర్ చెబుతుంది, దానిని తూకంతో ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. బ్రెయిడ్ చివర కట్టే ఒంటి తీగను, అంటే లీడర్‌ను, ఎంచుకోవలసింది చేప నోటిని, నీటి అడుగును బట్టి. ఇవన్నీ సరిగా కుదిరినా, మొత్తం అమరిక ఎంత బరువు మోయగలదో చివరికి తేల్చేది రెండు దారాలను కలిపే ముడి.

నైలాన్‌కూ బ్రెయిడ్‌కూ తేడా ఎక్కడ ఉంది

గాలానికి దశాబ్దాలుగా వాడుతున్న నైలాన్ దారం ఒకే తీగ. బ్రెయిడ్ అలా కాదు. వెంట్రుక కంటే సన్నని పాలిఎథిలీన్ పీచులను కట్టలుగా చేసి, ఆ కట్టలను జడలా అల్లితే వచ్చే దారం అది. మార్కెట్ సంచులకు వాడే ప్లాస్టిక్ కూడా పాలిఎథిలీనే అయినా, ఇందులోని అణు గొలుసులు అంతకు ఎన్నో రెట్లు పొడవైనవి. వాటిని ద్రావకంలో జెల్‌గా మార్చి, సన్నని రంధ్రాల గుండా లాగి, ఆ పైన ఇంకా సాగదీసినప్పుడు గొలుసులన్నీ దాదాపు ఒకే దిశలో సర్దుకుంటాయి. ఈ పద్ధతిని 1970ల చివర నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం సంస్థ పరిశోధకులు కనుగొన్నారు. డైనీమా, స్పెక్ట్రా అనే పేర్లతో అమ్ముడయ్యే పీచు ఇదే. జపాన్ వారు పాలిఎథిలీన్‌ను సంక్షిప్తంగా పీఈ అంటారు కనుక, లూర్ వేటగాళ్ల నోట కూడా ఈ దారానికి పీఈ అన్న పేరే నిలిచింది.

దీని మంచీ చెడూ రెండూ ఆ నిర్మాణం నుంచే వస్తాయి. గొలుసులన్నీ ముందే సాగి ఉన్నాయి కాబట్టి దారం ఇక సాగదు. నైలాన్ తెగేలోపు తన పొడవులో 20 నుంచి 30 శాతం సాగితే, పీఈ పీచు 3, 4 శాతం దగ్గరే తెగుతుంది. అందువల్ల నలభై మీటర్ల దూరంలో చేప లూర్‌ను ముట్టినా చేతికి తెలుస్తుంది, కానీ అదే చేప హఠాత్తుగా మళ్లినప్పుడు ఆ కుదుపును మింగే మెత్తదనం దారంలో ఉండదు. పీచు ఉపరితలం చాలా నున్నగా ఉండటం వల్ల రాడ్ మీది గైడ్ రింగుల్లోంచి సులువుగా జారుతుంది, ఆ నునుపు వల్లనే మామూలు ముడులు కూడా జారిపోతాయి. ఇది కరిగే ఉష్ణోగ్రత దాదాపు 150 డిగ్రీల సెల్సియస్. నైలాన్ 6 రకానికి అది 220 దగ్గర ఉంటుంది. తడపకుండా ముడి బిగిస్తే పుట్టే రాపిడి వేడి నైలాన్ కంటే బ్రెయిడ్‌ను ఎక్కువ బలహీనపరచడానికి ఇదే కారణం.

బరువులోనూ తేడా ఉంది. పాలిఎథిలీన్ సాంద్రత 0.97, అంటే నీటి మీద తేలుతుంది. నైలాన్ సాంద్రత సుమారు 1.14 కాగా, లీడర్లకు వాడే ఫ్లోరోకార్బన్‌ది 1.78.

ఒకే దారానికి మూడు కొలతలు

గందరగోళం డబ్బీ మీదే మొదలవుతుంది. దాని మీద పౌండ్లలో తెగే బలం, మిల్లీమీటర్లలో మందం, జపాన్ పద్ధతిలో ‘గో’ అనే నంబరు ఉంటాయి. ఈ మూడింటిలో మొదటి రెండింటినీ తయారీదారులు తమకు అనుకూలంగా రాసుకోవడానికి వీలుంది.

తెగే బలం అంటే సగటా, గరిష్ఠమా, కనిష్ఠమా అన్నది డబ్బీని బట్టి మారుతుంది. జపాన్ దారాల మీద తరచూ గరిష్ఠ బలమనో సగటు బలమనో విడిగా రాసి ఉంటుంది. అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం రికార్డుల కోసం దారాన్ని తడిపి పరీక్షిస్తుంది, కాబట్టి ఆ రికార్డుల కోసం తయారైన దారాలు రాసిన బలం కంటే కాస్త తక్కువలోనే తెగేలా ఉంటాయి. మామూలు వాడకపు దారాలు కొన్ని అంతకంటే ఎక్కువ మోస్తాయి, మరికొన్ని రాసినదానికి దరిదాపుల్లోకి కూడా రావు.

మిల్లీమీటర్ల మందం పరిస్థితీ అదే. నైలాన్ గుండ్రని తీగ కనుక దాని మందాన్ని కొలవవచ్చు. బ్రెయిడ్ వేళ్ల మధ్య నొక్కితే చదునవుతుంది, పీచుల మధ్య ఖాళీలు ఉంటాయి, గట్టిగా లాగితే సన్నబడుతుంది. ఎంత నొక్కి కొలిచారన్నదాన్ని బట్టి ఒకే దారానికి రెండు మూడు మందాలు రాసుకోవచ్చు.

అందుకే జపాన్ తయారీదారులు బ్రెయిడ్‌కు మందాన్ని వదిలి బరువును ప్రమాణంగా తీసుకున్నారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. బ్రెయిడ్‌లో ఒకటో గో నంబరును పీఈ 1 అంటారు, అది 200 డెనియర్. పీఈ 0.8 అంటే 160, పీఈ 0.6 అంటే 120, పీఈ 1.5 అంటే 300. నైలాన్, ఫ్లోరోకార్బన్ దారాల గో నంబరు మాత్రం మందాన్ని బట్టే ఉంటుంది. ఒకటో నంబరు 0.165 మిల్లీమీటర్లు. నంబరు పెరిగేది మందంతో కాదు, అడ్డుకోత వైశాల్యంతో. అందువల్ల నాలుగో నంబరు నాలుగు రెట్ల మందం ఉండదు, రెండు రెట్లు, అంటే 0.33 మిల్లీమీటర్లే ఉంటుంది.

ఈ పోలిక నుంచే సన్నని బ్రెయిడ్ లాభం స్పష్టంగా కనిపిస్తుంది. దాదాపు 16 పౌండ్లు మోసే నైలాన్ నాలుగో నంబరుది. అంతే బరువు మోసే మంచి బ్రెయిడ్ పీఈ 1, దాని మందం 0.17 దరిదాపుల్లో ఉంటుంది. మందం సగానికి తగ్గింది కాబట్టి గాలి తోపు, నీటి ప్రవాహపు ఒత్తిడి కూడా దాదాపు సగమవుతాయి. పది గ్రాముల లూర్ వెంట గాలిలోకి లేచే దారం బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. దూరం విసరగలగడానికీ, గోదావరి ముఖద్వారంలో పోటు దిగుతున్న వేళ చిన్న జిగ్ (మునిగే బరువైన లూర్) అడుగుకు చేరడానికీ ఈ రెండు తేడాలే కారణం.

తూకంతో నిజం తేల్చడం

డెనియర్‌కు ఇంకో ప్రయోజనం ఉంది. పీచు బలం డెనియర్‌కు ఇన్ని గ్రాములని దాదాపు తెలిసిన లెక్క. సాధారణ శ్రేణి పీచు డెనియర్‌కు 30 నుంచి 40 గ్రాములు మోస్తుంది, అత్యుత్తమ రకాలు 45 దాటుతాయి. అల్లినప్పుడు పీచులు ఏటవాలుగా పడటం వల్ల ఇందులో కొంత తగ్గుతుందే తప్ప పెరగదు. ఈ లెక్కన పీఈ 1 దారం 6 నుంచి 8 కిలోలు, అంటే 13 నుంచి 18 పౌండ్ల మధ్య మోయాలి. పీఈ 0.6 అయితే 8 నుంచి 10 పౌండ్లు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే దారాల డబ్బీల మీద తరచూ కనిపించే తరహా అంకెలను తీసుకుందాం: మందం 0.14 మిల్లీమీటర్లు, బలం 30 పౌండ్లు. 0.14 మిల్లీమీటర్ల పాలిఎథిలీన్ తీగ, మధ్యలో ఖాళీ ఏమాత్రం లేకపోయినా, 134 డెనియర్ల కంటే ఎక్కువ తూగదు. డెనియర్‌కు 45 గ్రాముల చొప్పున అత్యుత్తమ పీచు వాడారనుకున్నా అది ఆరు కిలోల దగ్గర, అంటే 13 పౌండ్ల దగ్గర తెగి తీరాలి. 30 పౌండ్లు మోయాలంటే కనీసం 300 డెనియర్లు కావాలి. కాబట్టి ఆ రెండు అంకెల్లో ఒకటి నిజం కాదు. చాలాసార్లు బలం ఓ మోస్తరుగా నిజమై, మందం తక్కువ చేసి రాసినదై ఉంటుంది. కొన్నవారు పీఈ 0.7 అనుకొని, నిజానికి పీఈ 1.5 రీల్‌కు ఎక్కించి, తేలికైన లూర్ దూరం పోవడం లేదని రాడ్‌ను నిందిస్తారు.

దీన్ని తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం ఉంటే చాలు. పది మీటర్ల పొడి దారాన్ని టేపుతో కొలిచి, చుట్టగా చేసి తూచి, వచ్చిన గ్రాములను 900తో గుణిస్తే డెనియర్ వస్తుంది. 0.22 గ్రాములు వస్తే అది పీఈ 1. 0.33 వస్తే పీఈ 1.5. పైపూత వల్ల బరువు కొంత పెరుగుతుంది కాబట్టి ఫలితాన్ని కాస్త తగ్గించి చూడాలి. పది మీటర్ల దారం ఖర్చుతో మిగిలిన డబ్బీ నిజస్వరూపం తెలుస్తుంది. దీనికి మించిన కొనుగోలు పరీక్ష సామాన్య వేటగాడికి అందుబాటులో లేదు.

ఏ నంబరు ఎక్కించాలన్నది లూర్ బరువును బట్టి ఉంటుంది. మూడు నుంచి ఏడు గ్రాముల లూర్లకు పీఈ 0.4 నుంచి 0.6, ఏడు నుంచి ఇరవై గ్రాములకు 0.8 నుంచి 1, అంతకు పైన నలభై గ్రాముల దాకా 1 నుంచి 1.5 సరిపోతాయి. చాలా రాడ్ల మీద తగిన పీఈ నంబరు రాసే ఉంటుంది.

నాలుగు పాయలా, ఎనిమిది పాయలా

ఒకే డెనియర్ పీచును నాలుగు పాయలుగా అల్లితే ఒక్కో పాయ లావుగా, ఉపరితలం గరుకుగా ఉంటుంది. ఎనిమిది పాయలుగా అల్లితే పాయలు సన్నబడి దారం గుండ్రంగా, నున్నగా వస్తుంది. ఎనిమిది పాయల దారం రింగుల్లో చప్పుడు లేకుండా జారి ఎక్కువ దూరం పోతుంది, అయితే రాతి అంచుకు ఒకసారి ఒరుసుకుంటే సన్నని పాయ త్వరగా తెగుతుంది. నాలుగు పాయల దారంలో ఒక పాయ గాయపడినా తెగడానికి ఇంకాస్త సమయం పడుతుంది. పాయలు పెరిగితే బలం పెరుగుతుందన్నది అపోహ. పీచు పరిమాణం మారనప్పుడు బలం పెద్దగా మారదు. బురద అడుగున్న చెరువులో ఎనిమిది పాయలు, రాళ్లున్న తీరంలో నాలుగు పాయలు ఎంచుకోవడం సహేతుకం.

లీడర్ చేసే పనులు

బ్రెయిడ్ చివర కట్టే మీటరో రెండు మీటర్లో పొడవున్న ఒంటి తీగను లీడర్ అంటారు. దానిని చేపకు కనబడకుండా ఉండటానికి కడతారన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఇది పాక్షికంగానే నిజం. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.5 దాటుతుంది. అంకె నీటికి ఎంత దగ్గరగా ఉంటే తీగ అంత తక్కువగా మెరుస్తుంది, అంతేగాని మాయమైపోదు. తేట నీటిలో ఈ తేడాకు విలువ ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రగా పారే గోదావరి నీటిలో కనబడటం, కనబడకపోవడం అన్న ప్రశ్నే పెద్దగా తలెత్తదు.

ఏ నీటిలోనైనా లీడర్ తప్పనిసరి కావడానికి వేరే కారణాలున్నాయి. మొదటిది ఒరిపిడి. వందలాది సన్నని పీచుల కట్ట అయిన బ్రెయిడ్ బిగుతుగా ఉన్నప్పుడు ఆల్చిప్ప అంచు తగిలితే పీచులు ఒకదాని తర్వాత ఒకటి తెగిపోతాయి. అంతే బలమున్న ఒంటి తీగకు అడ్డుకోత నాలుగు రెట్లు కనుక అదే గీత దానికి పైగాయమే అవుతుంది. రెండోది కుదుపు. రెండు మీటర్ల నైలాన్ లీడర్, ఒడ్డు దగ్గర చివరి క్షణంలో చేప తల విదిలించినప్పుడు, బ్రెయిడ్‌లో లేని మెత్తదనాన్ని కొంతైనా ఇస్తుంది. మూడోది అంతగా చర్చకు రానిది. బ్రెయిడ్ నూలులా మెత్తన, అందువల్ల నేరుగా లూర్‌కు కడితే విసిరినప్పుడల్లా వెనక్కి పడి మూడు కొక్కేల గాలానికి చుట్టుకుంటుంది. నిటారుగా నిలిచే తీగ దీన్ని ఆపుతుంది.

నైలానా, ఫ్లోరోకార్బనా అన్నది లూర్‌ను బట్టి తేలుతుంది. నీటి పైభాగాన ఆడే పాపర్ అనే లూర్‌కు బరువైన ఫ్లోరోకార్బన్ కడితే దాని ముక్కు కిందికి లాగుతుంది, అక్కడ నైలాన్ మేలు. అడుగున ఆడించే జిగ్‌కు, చిన్న చేప ఆకారంలో ఉండి మునిగే మిన్నోకు ఫ్లోరోకార్బన్ తగినది. అది నీరు పీల్చదు కనుక గంటల తరబడి తడిసినా మెత్తబడదు. నైలాన్ నీరు పీల్చి కొంత బలం కోల్పోతుంది. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో ఫ్లోరోకార్బన్‌ను గాలపు తీగగా తెచ్చినప్పుడు చూపిన గుణాలు కూడా ఇవే.

పండుగప్పకు ఒకటి, వంజరానికి ఇంకొకటి

కోస్తా ఏటిపాయల్లో లూర్‌కు పడే చేపల్లో ముఖ్యమైనది పండుగప్ప. దాని నోట్లో కోసే పళ్లు లేవు, ఆకురాయిలాంటి గరుకు మాత్రమే ఉంటుంది. కానీ మొప్ప మూత అంచు బ్లేడులా పదునుగా ఉంటుంది, పైగా కొక్కెం తగలగానే మడచెట్ల వేర్లలోకి దూరుతుంది. ఆ వేర్లకు ఆల్చిప్పలు అంటుకొని ఉంటాయి. కిలో, రెండు కిలోల చేపలకు పీఈ 0.8, పీఈ 1 దారాలతో వెళ్లినా లీడర్ 20 పౌండ్లకు తగ్గకుండా, వేర్లు దట్టంగా ఉన్నచోట 30 దాకా ఉండటం మంచిది. ఇక్కడ లీడర్ పొడవు చేప పొడవు కంటే బాగా ఎక్కువ ఉండాలి, లేకపోతే మొప్ప అంచుకు తగిలేది బ్రెయిడే అవుతుంది.

పార జాతి చేపలకు కోసే పళ్లు లేవు, వాటి బలమంతా పరుగులో ఉంది. విశాఖ తీరపు రాళ్ల దగ్గర వాటికి పొడవైన లీడర్, సరిగా జారే డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని వదిలే రీల్ బిగింపు) ముఖ్యం. వంజరం, రిబ్బన్ చేప వంటివాటి పళ్లు కత్తెరలాంటివి. వాటి ముందు 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్‌కూ 40 పౌండ్లదానికీ తేడా క్షణకాలమే. పది, పదిహేను సెంటీమీటర్ల సన్నని ఉక్కు తీగ ఒక్కటే పరిష్కారం, దానివల్ల లూర్ ఆట కొంత మొద్దుబారుతుందన్నది ఒప్పుకోవలసిన నష్టం.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను విషయంలో మాత్రం సన్నని దారం చర్చే వర్తించదు. తూడు, గుర్రపుడెక్క మధ్య కప్ప ఆకారపు లూర్‌తో పట్టే ఆ చేపను ఆకులతో సహా లాగాలి కనుక అక్కడ 40, 50 పౌండ్ల బ్రెయిడ్‌ను చాలామంది లీడర్ లేకుండానే కడతారు.

ముడి దగ్గర లెక్క

పీఈ 0.8 బ్రెయిడ్, 16 పౌండ్ల లీడర్ ఉన్న అమరికను తీసుకుంటే, 160 డెనియర్లకు 35 గ్రాముల చొప్పున బ్రెయిడ్ 5.6 కిలోలు మోస్తుంది. కలిపే ముడిలో ఐదో వంతు బలం పోతుందనుకుంటే మిగిలేది 4.5 కిలోలు. లీడర్ బలం 7.3 కిలోలు, లూర్ దగ్గరి ముడిలో ఐదో వంతు పోయినా 5.8 మిగులుతుంది. లూర్ రాతికి చిక్కి గట్టిగా లాగితే తెగేది కలిపే ముడి, పోయేది లూర్‌తో పాటు లీడర్ అంతా. అదే 10 పౌండ్ల లీడర్ అయితే లూర్ దగ్గరి ముడి 3.6 కిలోలకే తెగుతుంది, లీడర్ మిగులుతుంది. అడుగు శుభ్రంగా ఉన్నచోట ఈ రెండో అమరిక సరైనది. మడ వేర్ల దగ్గర మొదటిదే సరైనది, ఎందుకంటే అక్కడ పోరాటం ఒరిపిడితో. డ్రాగ్‌ను మాత్రం ఎప్పుడూ అత్యంత బలహీనమైన చోటును బట్టి, దానిలో నాలుగో వంతు నుంచి మూడో వంతుకు బిగించాలి. ఈ ఉదాహరణలో మొదటి అమరికకు అది 1.1 నుంచి 1.5 కిలోలు. చిన్న తూకపు కొక్కేన్ని దారానికి తగిలించి లాగితే తెలిసిపోతుంది. చేతి అంచనా సాధారణంగా చాలా దూరంగా ఉంటుంది.

కలిపే ముడుల్లో ఎఫ్‌జీ ముడికి ప్రత్యేకత ఉంది. ఇందులో లీడర్‌కు ముడే పడదు. బిగుతుగా పట్టిన బ్రెయిడ్ లీడర్ చుట్టూ ఒకసారి అటు, ఒకసారి ఇటు అల్లుకుంటూ పోతుంది. లాగినకొద్దీ ఆ అల్లిక లీడర్‌ను మరింత బిగించి పట్టుకుంటుంది, అంటే పట్టు అంతా రాపిడి మీదే ఆధారపడుతుంది. పీఈ 0.6, 0.8 దారాలకు ఇరవై చుట్ల దాకా అవసరం. దారం ఎంత సన్ననైతే చుట్లు అంత పెరగాలి. చుట్లు పూర్తయ్యాక ఒక హాఫ్ హిచ్‌తో (ఒంటి మెలిక ముడితో) ఆపి, తడిపి, రెండు వైపులా బలంగా లాగాలి. చుట్లు లీడర్‌లోకి దిగబడినప్పుడు బ్రెయిడ్ రంగు కాస్త ముదురుతుంది. ఆ మార్పు కనబడకపోతే ముడి ఇంకా కుదరలేదన్నమాట. ఆ తర్వాతే లీడర్ తోకను కత్తిరించి, ప్రధాన దారం మీద నాలుగైదు హాఫ్ హిచ్‌లు వేయాలి. ఎఫ్‌జీ ముడి జారిపోయిందన్న ఫిర్యాదుల్లో అధిక భాగం ఈ బిగింపును నెమ్మదిగా చేయడం, సగంలో ఆపడం వల్ల వచ్చేవే.

దీని లాభం సన్నదనం. రింగుల్లోంచి ముడి తట్టుకోకుండా పోతుంది కాబట్టి రెండు మీటర్ల లీడర్‌ను కూడా రీల్‌లోకి చుట్టుకోవచ్చు. ఊగే పడవ మీద, గాలిలో దీన్ని కట్టడం కష్టం. అప్పుడు డబుల్ యూని ముడి, బ్రెయిడ్ వైపు ఏడెనిమిది చుట్లు, లీడర్ వైపు మూడు నాలుగు చుట్లతో పని నడిపిస్తుంది. అయితే ఆ ముడి లావు కనుక లీడర్‌ను మీటరులోపే ఉంచి, విసిరేటప్పుడు ముడి రాడ్ కొన బయటే ఉండేలా చూసుకోవాలి. సరిగా బిగిసిన డబుల్ యూని, సగం బిగిసిన ఎఫ్‌జీ కంటే నిస్సందేహంగా మేలు.

స్పూల్ నింపడం, విసరడం

రీల్‌లో దారం చుట్టే ఖాళీ స్పూల్ మీద నేరుగా చుట్టిన బ్రెయిడ్ మొత్తం చుట్టగా గిర్రున తిరుగుతుంది, బయటికి డ్రాగ్ జారుతున్నట్టే కనిపిస్తుంది. కింద కొన్ని మీటర్ల నైలాన్ గానీ, ఒక చుట్టు టేపు గానీ వేస్తే ఇది ఆగుతుంది. 150 మీటర్ల దారం చాలని లోతైన స్పూల్‌కు నైలాన్ అడుగు పొర అదనపు ఖర్చును కూడా తప్పిస్తుంది. తడిగుడ్డ మధ్య నుంచి బిగుతుగా చుట్టి, స్పూల్ అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు కింద ఆపాలి.

గాలి ముడి అని పిలిచే చిక్కుకు గాలి అసలు కారణం కాదు. వదులుగా పడిన ఒక చుట్టు మీద బిగుతైన చుట్లు పడి, తర్వాతి విసురులో కింది చుట్టు పై చుట్లను వెంటేసుకొని బయటికి వస్తుంది. లూర్ నీటిని తాకే ముందే దారాన్ని వేలితో ఆపడం, దారాన్ని స్పూల్ మీదికి నడిపే తీగను, అంటే బెయిల్‌ను, హ్యాండిల్‌తో కాక చేత్తో మూయడం, మొదటి చుట్టు పడేలోపు దారాన్ని ఒకసారి బిగుతుగా లాగడం దీన్ని చాలావరకు నివారిస్తాయి. చిక్కు పడినప్పుడు లాగితే నున్నని దారం లోతుగా బిగుసుకుపోతుంది. వదులు చేసి సూదిమొనతో విప్పితే చాలాసార్లు దారం దక్కుతుంది.

వాడకం, తెగిన ముక్కలు

ఉప్పునీటి వేట తర్వాత దారాన్ని మంచినీటితో కడగకపోతే ఉప్పు స్ఫటికాలు పీచుల మధ్య ఎండి లోపలి నుంచి ఒరుస్తాయి. రంగు వెలిసిపోవడం బలహీనతకు గుర్తు కాదు. వేళ్ల మధ్య జారవిడిచినప్పుడు నూగు తగలడమే అసలు గుర్తు, అక్కడిదాకా కత్తిరించాలి. విసురుల్లో తిరిగేది మొదటి యాభై, అరవై మీటర్లే కనుక ఒక కాలం తర్వాత దారాన్ని తలకిందులుగా మళ్లీ చుట్టుకుంటే రెండో చివర కొత్తదారమే.

చిక్కుకున్న లూర్‌ను విడిపించడానికి బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకొని లాగితే అది చర్మాన్ని, కండరాన్ని కోస్తుంది. చిన్న కర్రముక్కకు చుట్టి లాగాలి. సన్నగా, సాగకుండా, తెగకుండా ఉండే దారం ఎంత ప్రమాదమో తెలుగు నగరాలకు సంక్రాంతి వేళల్లో మాంజా వల్ల తెలుసు. గాలిపటాలకు వాడే నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. గట్టు మీద పారేసిన బ్రెయిడ్ ముక్క ఏళ్ల తరబడి కుళ్లదు, కొంగల కాళ్లకు, కుక్కల గొంతుకు చుట్టుకుంటుంది. కత్తిరించిన ప్రతి ముక్కనూ మూత ఉన్న చిన్న డబ్బాలో వేసుకొని ఇంటికి తేవాలి, పారేసే ముందు దాన్ని అంగుళం ముక్కలుగా కత్తిరించాలి.